కొత్త ట్యాంకు, పాత బండి, మన అడ్రస్సు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. ఊరికే దండం బొమ్మ పెట్టి పోవద్దు.

మొన్న రాత్రి హాస్టల్లో భోజనాలయ్యాక ఒక తమ్ముడు ఫోన్లో ఫోటో చూపించాడు. వాళ్ళ బాబాయికి పాత థండర్‌బర్డ్ ఉంది. దానికి కొత్త మీటియర్ ట్యాంకు ఎక్కిస్తే ఎట్లా ఉంటది అని అడిగాడు. గదిలో ఆరుగురం ఉన్నాం. ఐదుగురు "సూపర్ ఉంటది, ఎక్కించెయ్" అన్నారు. నేనొక్కణ్ణే వద్దన్నా. "డిగ్రీ చదివేవాడివి, బండ్ల సంగతి నీకేం తెలుసు" అన్నారు. నాకు తెలుసు. దెబ్బ తిని తెలుసుకున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వేరే తరం బండి ట్యాంకుని అందం కోసం మన బండికి ఎక్కించొద్దు. ట్యాంకు పాడైతే బాగు చేయించుకోవాలి. బాగవ్వకపోతే అదే మోడల్ ట్యాంకు, అదే రంగులో, బిల్లుతో కొనాలి. ఈ మాట ఎవరికైనా పనికొచ్చేదే. కానీ మనవాళ్ళకి ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకో కథ మొత్తం చెప్తే అర్థమవుద్ది.

మాది ఈపురుపాలెం. బాపట్లకీ చీరాలకీ మధ్యలో, సముద్రానికి దగ్గర. మా నాన్న కూలికి పోతాడు, అమ్మ బుట్టలు, చేటలు అల్లి అమ్ముతుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా అన్న చీరాలలో ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకుని అక్కడే చేస్తున్నాడు. అన్నకి ఒక పాత క్రూజర్ బండి ఉంది, కార్బొరేటర్ కాలం నాటిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కంపెనీ పేరు ఎందుకులే, తప్పు కంపెనీది కాదు, మాది.

ఆ బండి ట్యాంకు అడుగున తుప్పు పట్టి చెమ్మ కారడం మొదలెట్టింది. మా వైపు గాలిలో ఉప్పు ఉంటది, ఇనుము అనేది నిలవదు. అయితే ట్యాంకు బయటినుంచే తుప్పు పట్టదు, లోపలినుంచి కూడా పడుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి ఉంటది, గాలిలో తేమ ఉంటది. రాత్రి చల్లబడితే ఆ తేమ నీటిచుక్కలై లోపలి రేకు మీద పడుతుంది. నీళ్ళు పెట్రోల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. మా అన్న ఎప్పుడూ వంద రూపాయల పెట్రోలే కొట్టించేవాడు. అంటే ట్యాంకు ఎప్పుడూ ముప్పావు ఖాళీనే. ఉన్నోళ్ళు ఫుల్ ట్యాంకు కొట్టిస్తారు, వాళ్ళ ట్యాంకు నిదానంగా తుప్పు పడుతుంది. లేనోడి ట్యాంకు తొందరగా పోతుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. పాత బండ్ల పైపులు, రబ్బర్లు దానికోసం చేసినవి కావు.

అన్న అప్పుడే అన్నాడు, "ట్యాంకు దించి, కడిగి, చిల్లు పడ్డచోట ఇత్తడి మాటు పెట్టిస్తే ఇంకో నాలుగేళ్ళు వస్తది తమ్ముడూ" అని. వద్దన్నది నేనే.

ఇది రాయడానికి సిగ్గేస్తుంది, అయినా రాయాలి. నన్ను హాస్టల్ దగ్గర దింపడానికి అన్న ఆ బండి మీద గుంటూరు వచ్చేవాడు. కాలేజీ గేటు ముందు అందరి బండ్లూ మెరుస్తుంటే మా ట్యాంకు మీద లప్పం ఊడి, పెయింటు లేచిపోయి ఉండేది. నేను గేటుకి వంద గజాల ముందే "ఇక్కడ ఆపన్నా" అనేవాణ్ణి. అన్నకి అర్థమయ్యేది, ఏమీ అనేవాడు కాదు. ఒకరోజు తుక్కు షాపులో యాక్సిడెంటు అయిన కొత్త బండి తాలూకు ఎర్ర ట్యాంకు కనపడింది. అదే కంపెనీ, అదే పేరు, తరం మాత్రం వేరు. "ఇది వేద్దాం అన్నా" అని వెంటపడ్డా. అన్న రెండు రోజులు వద్దని, మూడో రోజు నాకోసం ఒప్పుకున్నాడు.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. అందరికీ తెలియాల్సిన విషయం ఇదే.

మన దగ్గర క్రూజర్ బండ్లంటే ఎక్కువగా రెండు రకాలు. బజాజ్ వాళ్ళ అవెంజర్ 2005లో 180 సీసీతో వచ్చింది, 2007లో 200, 2010లో 220 అయింది, 2015లో స్ట్రీట్, క్రూజ్ అని రెండు రూపాల్లో వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 2002లో మొదలై, 2012లో 20 లీటర్ల పెద్ద ట్యాంకుతో రూపం మార్చుకుంది. 2020లో ఆగిపోయి దాని స్థానంలో మీటియర్ 350 వచ్చింది. మీటియర్ ఫ్రేమే వేరు, ట్యాంకు 15 లీటర్లు. పేర్లు, స్టిక్కర్లు చూసి అన్నీ ఒకే కుటుంబం అనుకుంటాం. లోపల చూస్తే కాదు.

పెద్ద తేడా 2020 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజునుంచి దేశంలో బీఎస్-6 నియమాలు. దాంతో ఈ క్రూజర్లు కార్బొరేటర్ నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. కార్బొరేటర్ బండిలో ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. ట్యాప్ తిప్పితే పెట్రోల్ తన బరువుకి తానే దిగుద్ది. రిజర్వ్ అనేది కూడా ట్యాప్‌లో ఉండే రెండు గొట్టాల ఎత్తు తేడానే. పొడుగు గొట్టం దాకా పెట్రోల్ అయిపోతే బండి ఆగుద్ది, రిజర్వ్‌లో పెడితే కింది గొట్టం నుంచి వస్తది. ఇంజెక్షన్ బండిలో ఈ ట్యాప్ ఉండదు. ట్యాంకు లోపల కరెంటు పంపు ఉంటది. అది పెట్రోల్‌ని దాదాపు 3 బార్ ఒత్తిడితో ఇంజెక్టర్‌కి తోస్తుంది. ఆ పంపు కూర్చోవడానికి ట్యాంకు అడుగున పెద్ద గుండ్రటి రంధ్రం ఉంటది.

ఒకే తరంలో కూడా ఈ తేడా ఉండొచ్చు. 2012 నాటి థండర్‌బర్డ్ 350, 500 రెండూ పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి. 350కి కార్బొరేటర్, 500కి ఇంజెక్షన్. 500 ట్యాంకు లోపల పంపు ఉంటది, 350కి ఉండదు. కాబట్టి ట్యాంకు కొనేవాడు పైన రంగు చూడకూడదు, బోర్లా తిప్పి అడుగు చూడాలి.

మేం కొన్న ఎర్ర ట్యాంకు ఇంజెక్షన్ బండిది. పంపు ఎవరో ముందే తీసేసుకున్నారు. అన్న ఆ పెద్ద రంధ్రానికి ఇనప ప్లేటు కోయించి, దానికి ట్యాప్ బిగించి, మధ్యలో పాత ట్యూబు రబ్బరు కోసి గాస్కెట్‌గా వేశాడు. మామూలు రబ్బరు పెట్రోల్‌లో ఉబ్బి మెత్తబడుద్ది. దానికి పెట్రోల్‌ని తట్టుకునే నైట్రైల్ రబ్బరు కావాలి. ఆ సంగతి అన్నకి తర్వాత వాళ్ళ మేస్త్రి చెప్పాడు. రెండో వారానికే ప్లేటు అంచునుంచి చుక్క చుక్క కారింది. కింద వేడి ఇంజను. ఆ పక్కనే ట్యాంకు అడుగు ఒరుసుకుని వైర్ల మీద తొడుగు లేచింది. ఎప్పుడైనా నిప్పురవ్వ లేచి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తది.

ఇంకోటి. కొత్త ట్యాంకుల్లో పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా పట్టే డబ్బాకి ఒక సన్న పైపు పోతుంది. మా పాత బండికి ఆ డబ్బా లేదు. అందుకని అన్న ఆ పైపుకి బోల్టు బిగించి మూసేశాడు. ఆ మూత కూడా సెకండ్ హ్యాండ్‌దే, దాని గాలి రంధ్రం లప్పంతో పూడిపోయి ఉంది. పెట్రోల్ కిందికి దిగాలంటే పైన గాలి లోపలికి రావాలి. గాలి రాకపోతే లోపల ఖాళీ ఏర్పడి పెట్రోల్‌ని పైకి పట్టి ఉంచుద్ది. గ్లాసుడు నీళ్ళ మీద అట్ట పెట్టి బోర్లిస్తే నీళ్ళు పడవు చూడండి, అదే లెక్క.

ఇది మాకు తెలిసింది ఒక ఆదివారం రాత్రి, రోడ్డు మీద.

సోమవారం పొద్దున నాకు ఇంటర్నల్ పరీక్ష. అన్న పని ముగించుకొచ్చేసరికి రాత్రయింది. ఈపురుపాలెంలో బయల్దేరి బాపట్ల దాటాం. ఇంకొంత దూరం పోయాక బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. పెట్రోల్ చూస్తే ఉంది. అన్న మూత తీస్తే "ఉస్" మని గాలి లోపలికి పోయింది. బండి స్టార్టయింది. మూత పెట్టి పోతే మళ్ళీ కాస్త దూరానికి ఆగింది. రెండోసారి నేను ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డా, అన్న ట్యాంకు మీదికి వంగి మూతలో పుల్ల పెట్టి గీకుతున్నాడు. ఆ టైంలో పోలీసు జీపు వచ్చి ఆగింది. ఏ స్టేషనో రాయను.

చీకట్లో రోడ్డు పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, మూత తీసిన ట్యాంకు, పెట్రోల్ వాసన. వాళ్ళ వైపునుంచి చూస్తే అనుమానం రావడం నేను తప్పు పట్టను. అడిగారు, చెప్పాం. ఆర్సీ అడిగారు, ఇచ్చాం. ఆర్సీలో రంగు నలుపు. టార్చి వేసి చూస్తే ట్యాంకు ఎరుపు, పక్క డబ్బాలు నలుపు.

"ట్యాంకు ఎక్కడ పీకారు?"

"కొన్నాం సార్."

"బిల్లు?"

తుక్కు షాపులో బిల్లు ఎవరిస్తారు. లేదన్నాం.

"ఏ ఊరు మీది?"

"ఈపురుపాలెం సార్."

"ఈపురుపాలెంలో ఎక్కడ?"

అన్న మా కాలనీ పేరు చెప్పాడు.

"అంటే మీరెవరు?"

అన్న కాసేపు మాట్లాడలా. తర్వాత "ఎరుకలోళ్ళం సార్" అన్నాడు.

"స్టూవర్టుపురం పక్కనేగా" అని ఆయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. అంతవరకు మర్యాదగానే అడిగినాయన అక్కణ్ణుంచి "ఒరేయ్" అన్నాడు.

బండితో పాటు మమ్మల్నీ స్టేషన్‌కి తీసుకుపోయారు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోయాయి. దానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ట్యాంకు సంగతి తేలడానికి రెండు రోజులు పట్టింది. తెల్లారి అమ్మ మొదటి బస్సుకి వచ్చింది. అమ్మకి చదువు రాదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ, నా పదో తరగతి మార్కుల లిస్టు, కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. ఏది పనికొస్తుందో తెలియక మొత్తం తెచ్చింది. పనికొచ్చేది ఒక్కటే, ట్యాంకు బిల్లు. అది ఆ కవర్లో లేదు. రెండో రోజు తుక్కు షాపాయన్ని బతిమాలి తీసుకొచ్చి చెప్పిస్తే వదిలారు. నా పరీక్ష పోయింది. అన్నకి రెండు రోజుల కూలి పోయింది. స్టేషన్ బయట అమ్మ నన్ను ఒక్కమాట కూడా అనలా. కవర్ మడిచి కొంగులో పెట్టుకుంది.

తెలియని తమ్ముళ్ళ కోసం రెండు మాటలు. 1871లో బ్రిటిషోళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మన మద్రాసు రాష్ట్రం వైపు కూడా వర్తించేట్టు చేశారు. మనిషి ఏం చేశాడని చూడలేదు, ఏ కులంలో పుట్టాడో చూసి పేరు రాసుకున్నారు. ఎరుకలవాళ్ళని తెచ్చిపెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. హెరాల్డ్ స్టూవర్ట్ అనే బ్రిటిష్ అధికారి పేరు దానికి పెట్టారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. ఇప్పటికి డెబ్బై ఏళ్ళు దాటింది. కానీ సినిమావాళ్ళు 1991లోనూ ఆ ఊరి దొంగల కథే తీశారు, 2023లోనూ అదే తీశారు. ఆ ఊళ్ళో పుట్టని నాకు కూడా ఆ పేరు అంటుకుంది, పక్క స్టేషన్ కాబట్టి.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పిచ్చింది. అది ముఖ్యంగా జైళ్ళలో కుల వివక్ష గురించి. అందులోనే విముక్త జాతులవాళ్ళని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకి చెప్పింది. ఆ తీర్పు పేరు గుర్తు పెట్టుకోండి. అయితే రాత్రి రోడ్డు మీద మన జేబులో తీర్పు ఉండదు, ఆర్సీ ఉంటది. అక్కడ మాట్లాడేది కాగితమే.

ఇక్కడ మా అన్న స్నేహితుడు ఒకడు నాతో గొడవ పెట్టుకున్నాడు. "ఉన్నోళ్ళ పిల్లలు సైలెన్సర్ పీకి, హ్యాండిల్ మార్చి, చక్రాలు మార్చి తిరుగుతారు. వాళ్ళని ఆపి నవ్వి పంపిస్తారు. మనం మాత్రం భయపడి నల్ల బండిని నల్లగానే ఉంచుకోవాలా? నువ్వు చెప్పేది బానిస మాట" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అతను చెప్పిన దాంట్లో అన్యాయం గురించిన భాగం నిజం. ఒకే తప్పుకి ఇద్దరికి రెండు శిక్షలు పడుతున్నాయి. దాని మీద మాట్లాడాలి, రాయాలి, సంఘం తరఫున అడగాలి.

కానీ నేను వద్దనేది భయంతో కాదు. మొదటిది, ఆ ట్యాంకు కారింది. పోలీసులు అసలు లేకపోయినా అది కారేది. నిప్పుకి కులం లేదు. రెండోది, చట్టం కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసినదానికి, కంపెనీ చేసినదానికి తేడా వచ్చేట్టు బండి మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అట్లా మారిస్తే యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాడైన ట్యాంకు తీసి అదే మోడల్ ట్యాంకు వేసుకోవడం రిపేరు. రంగు మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మీద రాయించుకోవాలి. మూడోది, మన దగ్గర తప్పు లేనప్పుడు అడిగే గొంతు వేరుగా ఉంటది. ఆ రాత్రి బిల్లు ఉండి ఉంటే "సార్, ఇంకేం కావాలి" అని అన్న తలెత్తి అడిగేవాడు. బిల్లు లేక తల దించుకున్నాడు. మా అన్న తల దించుకోవడం నేను చూశాను కాబట్టి ఇదంతా రాస్తున్నా.

కాబట్టి బండి ఉన్న ప్రతి అన్నకీ, తమ్ముడికీ నా మనవి. ట్యాంకు కారుతుంటే ముందు దించి లోపల చూడండి. కొంచెం తుప్పే అయితే కడిగించుకోవచ్చు. చిల్లు ఉంటే మాటు పెట్టించుకోవచ్చు, కానీ ఖాళీ చేశాం కదా అని వెంటనే మంట దగ్గరికి తీసుకుపోవద్దు. పేలేది పెట్రోల్ కంటే దాని ఆవిరి. బాగా కడిగి, చిల్లు దగ్గరి దాకా నీళ్ళు నింపి, తెలిసినవాడి చేతే చేయించాలి. మార్చక తప్పకపోతే కార్బొరేటర్ బండికి కార్బొరేటర్ ట్యాంకే, అదే మోడల్, అదే తరం. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ట్యాంకుకి తగులుతుందేమో చూడండి. వైర్లు నలగకుండా చూడండి. మూతకి గాలి రంధ్రం తెరిచి ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ దగ్గర కొన్నా కాగితం మీద తేదీ, ధర, మీ బండి నంబరు రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనొద్దు. ఆ కాగితానికి, పాత ట్యాంకుకి, కొత్త ట్యాంకుకి ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. ఆర్సీ, లైసెన్సు డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ పెట్టుకోండి, అవి చెల్లుతాయి. ఎవరైనా బండి ఆపి ఉంచుకుంటే ఎందుకు ఉంచుకున్నారో రాసి రసీదు ఇవ్వమని మర్యాదగా అడగండి. అది అడగడం మన హక్కు.

చివరగా ఒక మాట. మన పిల్లల్లో స్పానరు పట్టుకోవడం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మా అన్న చేతికి పని వచ్చు. రబ్బరు రకాలు, పంపు ఒత్తిడి, చట్టం సెక్షన్లు ఎవరూ చెప్పలేదు. పది తర్వాత ఆగిపోయిన తమ్ముళ్ళు ఉంటే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు ఉంది, రెండేళ్ళు. చేరమని చెప్పండి. చదువుకునే మనం ఈ సెక్షన్లు చదివి వాళ్ళకి చెప్పాలి. వాళ్ళకి తెలిసింది వాళ్ళు మనకి చెప్పాలి. మా హాస్టల్లో వచ్చే ఆదివారం మా అన్నని పిలుస్తున్నా. పాత ట్యాంకు ఒకటి విప్పి అందరికీ చూపిస్తానన్నాడు. గుంటూరు దగ్గర్లో ఉన్నవాళ్ళు రావచ్చు.

అన్న బండికి ఇప్పుడు పాత నల్ల ట్యాంకే ఉంది. మాటు పెట్టించి, రంగు వేయించాం. ఎర్ర ట్యాంకు ఇంటి వెనక పడి ఉంది, అమ్మ దాని మీద ఈతాకు ఆరేసుకుంటుంది. పోయిన వారం అన్న నన్ను దింపడానికి వచ్చినప్పుడు అలవాటుగా గేటుకి వంద గజాల ముందే బ్రేకు వేశాడు.

"ఇక్కడ కాదన్నా, గేటు దాకా పోనీ" అన్నా.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి. మీకు ఇట్లాంటిది జరిగి ఉంటే సిగ్గుపడకుండా కింద రాయండి.